పసుపు గొట్టం ప్రశస్తి

గ్యాస్ రాని గ్యాస్ గొట్టాన్ని మించిన ప్రజాసేవ ఈ భూమ్మీద మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను.

నవ్వకండి. ఇది పదకొండేళ్ల అనుభవం మీద చెబుతున్న మాట. మా ఊరు తాస్‌కుదుక్‌లో మనిషెత్తు స్తంభాల మీద పసుపు రంగు గొట్టం ఒకటి వీధి పొడవునా సాగుతుంది. ప్రతి గేటు దగ్గరా పైకి లేచి, గేటు దాటి, మళ్లీ కిందికి దిగుతుంది. తొంభై నాలుగు ఇళ్లకూ పిల్ల గొట్టాలు వేసింది. ప్రతి ఇంటి గోడకూ ఒక మీటరు, ప్రతి మీటరులోనూ వరసగా సున్నాలు. ఎన్నడూ తప్పు రీడింగు చూపని మీటరు మీ ఊళ్లో ఒక్కటైనా ఉందా? మా ఊళ్లో తొంభై నాలుగున్నాయి!

ఇక దాని ఉపయోగాలు చెప్పడానికి నాకు నోరు చాలదు. పెరుగు ఉండలు ఎండబెట్టే గుడ్డసంచులు దానికే వేలాడతాయి. తివాచీలు దాని మీదే దులుపుతాం. ఇజ్గాలి ముసలాయన తన ఒంటెను దానికే కట్టేస్తాడు. ఆ ఒంటె మెడ రుద్దీ రుద్దీ ఒకచోట గొట్టం వంగిపోయింది. ఇప్పుడు బస్సు డ్రైవరుకు "వంపు దగ్గర ఆపు" అంటే చాలు, తెలిసిపోతుంది. పిల్లలు వీధి ఈ కొసన దానికి మూతి పెట్టి తిట్టుకుంటే వీధి ఆ కొసన చెవి పెట్టినవాడికి వినిపిస్తుంది. లోపల గ్యాసే ఉంటే ఈ ఉచిత టెలిఫోన్ ఉండేదా?

భద్రత సంగతి చూడండి. గ్యాస్ పేలి ఇళ్లు కూలిన వార్తలు చదువుతూనే ఉంటాం. మా ఊళ్లో పదకొండేళ్లలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఇంత మంచి రికార్డు ఉన్న ఊరికి ఒక పతకం ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం నాకు కొంచెం బాధగా ఉంది.

ఇన్ని లాభాలున్నా ఒప్పుకోని మనిషి మా ఊళ్లో ఒక్కతే ఉంది. మా దురదృష్టం కొద్దీ ఆమె మా వదిన.

ఆమె పేరు అక్కుమిస్. మా అన్న పదిహేను రోజులు చమురుబావుల దగ్గర పనిలో ఉంటాడు, పదిహేను రోజులు ఇంట్లో ఉంటాడు. ఆ బావుల దగ్గర అక్కర్లేని గ్యాస్‌ను పొడుగాటి చిమ్నీల చివర రాత్రింబవళ్లు తగలేస్తూ ఉంటారు. ఆ వెలుగు మా ఊరి దాకా వస్తుంది. పొద్దు గూకాక సూది కింద పడితే దీపం అక్కర్లేకుండా వెతుక్కోవచ్చు. ఆ వెలుగులోనే మా వదిన పెరట్లోంచి పిడకలు ఏరుకొచ్చి పొయ్యి రాజేస్తుంది. రాజేసి దగ్గుతుంది. దగ్గు ఆగాక పిండి పిసుకుతుంది.

జిల్లా ఆసుపత్రి డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, "పొగ దగ్గరికి పోకమ్మా, ఈ చలికాలం కూడా ఇట్లాగే గడిపితే కష్టం" అన్నాడు.

"పొగ దగ్గరికి పోకపోతే పచ్చిపిండి తినమంటావా బాబూ?" అంది మా వదిన.

డాక్టరు దగ్గర దానికి మందు లేదు.

ప్రభుత్వం దగ్గర ఉంది. గ్యాస్ లేని ఊళ్లకు మా జిల్లాలో ఇంటికి రెండు టన్నుల చొప్పున బొగ్గు పంచుతారు. బొగ్గయితే బయటి గదిలో కొలిమిలో ఒకసారి వేస్తే తెల్లారేదాకా ఇల్లు వెచ్చగా ఉంటుంది. పిడకలైతే అరగంటకోసారి పొయ్యి ముందు కూర్చుని ఊదాలి. మరి మాకెందుకు పంచరు? ఎందుకేమిటి, మాకు గ్యాస్ ఉంది కదా! నమ్మకపోతే ఫైలు చూసుకోండి.

మా వదిన చూసుకుంది. మూడుసార్లు బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్లింది. మూడోసారి గుమాస్తా విసుక్కోకుండా ఫైలు తెరిచి చూపించాడు. "అక్కా, నా తప్పేం లేదు. ఇదిగో, పేపర్లో పడింది. కత్తిరించి అంటించా. 'తాస్‌కుదుక్‌లో నీలి మంట.' ఫోటో కూడా ఉంది."

"పేపరు అబద్ధమాడింది నాయనా."

"అయితే ఆ మాట పేపర్నే చెప్పమను. అచ్చులో తీసుకురా, అక్కడికక్కడే మీ ఊరి పేరు జాబితాలో ఎక్కిస్తా. నోటిమాటకి నేనెట్లా ఎక్కించేది? నెలాఖరు శుక్రవారం జాబితా మూసేస్తారు, తర్వాత నేనూ ఏం చెయ్యలేను."

ఆ వార్త రాసిన మహానుభావుడు ఎవరని మీరు అడగడం లేదు. మర్యాదస్తులు. నేనే రాశాను. ఒకసారి కాదు, మూడు ఎన్నికలకు మూడుసార్లు. మూడుసార్లూ హెడ్డింగు మార్చలేదు, బాగుందని.

అసలు ఎన్నికలకూ గొట్టానికీ ఉన్న బంధం గురించి చెప్పాలి. మా జిల్లా కౌన్సిల్‌కు మూడు దఫాలుగా బెర్దిగాలి అనే పెద్దమనిషి ఎన్నికవుతున్నాడు. మా వంశంవాడే. మొదటి ఎన్నికకు గొట్టం వేయించాడు, రెండో ఎన్నికకు మీటర్లు పెట్టించాడు, మూడో ఎన్నికకు రంగు వేయించాడు. ఇప్పుడు నాలుగోది ఈ ఆదివారం. ఒకవేళ గ్యాస్ నిజంగా వచ్చేస్తే పాపం ఆ మనిషి అయిదో ఎన్నికకు ఏం మొహం పెట్టుకుని వస్తాడు? ఒక ప్రజాప్రతినిధి పొట్ట కొట్టడం న్యాయమా?

మాలో ఒక అలవాటుంది. శుభవార్త తెచ్చినవాడు వార్త చెప్పే ముందు గుమ్మంలో నిలబడి "సుయిన్షి!" అని అరుస్తాడు. అంటే ముందు బహుమానం తియ్యండి, తర్వాత వార్త వినండి అని. కొడుకు పుట్టాడని చెప్పినవాడికీ ఇస్తాం, తప్పిపోయిన గుర్రం దొరికిందని చెప్పినవాడికీ ఇస్తాం. గ్యాస్ వస్తోందని బెర్దిగాలి మొదటిసారి అరిచినప్పుడు ఊరంతా కలిసి గుర్రాన్ని ఇచ్చాం. రెండోసారి గొర్రెను ఇచ్చాం. మూడోసారి సంచెడు పెరుగు ఉండలు. ఈసారి పళ్లెడు వేయించిన పిండి బిళ్లలు ఇచ్చాం, అవీ నిన్నటివి. ప్రపంచంలో గ్యాస్ ధర పెరుగుతోందట. మా ఊళ్లో గ్యాస్ వార్త ధర మాత్రం ఇలా పడిపోతోంది. ఆర్థికవేత్తలు ఎవరైనా పరిశోధించాలి.

మా ప్రాంతానికి అన్యాయం జరుగుతోందని కొందరు కుర్రకారు గొణుగుతుంటారు. వాళ్లకు లోకజ్ఞానం లేదు. ఉత్తరాన మా పెద్ద వియ్యంకుడు ఉన్నాడు. బొగ్గుగని సరిగ్గా ఆయన ఇంటి కిందికే వచ్చింది, గోడలు పగుళ్లిచ్చాయి. ఆయన చలికాలంలో రైలు పట్టాల వెంబడి బకెట్టు పట్టుకుని, వ్యాగన్ల నుంచి రాలిన బొగ్గు ఏరుకుంటాడు. దక్షిణాన చిన్న వియ్యంకుడి ఇంటి వెనకే పెద్ద నది. నదికి ఆనకట్ట. ఆయన కుళాయిలో నీళ్లు మంగళవారం వస్తాయి, కరెంటు మంగళవారం పోతుంది. పెళ్లిళ్లలో ముగ్గురం కలిసినప్పుడు ఎవరి దగ్గర ఏది లేదో చెప్పుకుని పందెం వేసుకుంటాం.

పోయిన పెళ్లిలో చిన్న వియ్యంకుడు విందులో పెట్టిన గొర్రె తలకాయ నుంచి చెవి కోసి నాకిస్తూ, "నువ్వే గెలిచావు బావా," అన్నాడు. "మాకు నీళ్లు వారానికోసారైనా వస్తాయి. మీకు మంట కనిపిస్తుంది కూడా, అయినా అందదు. అది పెద్ద యోగం."

అంటే ఏమిటన్నమాట? గ్యాస్ ఉన్నచోట గ్యాస్ లేదు, బొగ్గు ఉన్నచోట బొగ్గు లేదు, నీళ్లు ఉన్నచోట నీళ్లు లేవు. అన్ని ప్రాంతాలనూ ఇంత సమానంగా చూసే ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉందేమో చూపించండి!

సరే, ఇంత చక్కగా సాగుతున్న వ్యవహారంలో మా ఊరి ముసలమ్మలు వేలు పెట్టారు.

పిల్లవాడు తొలి అడుగులు వేసే వేళకు మేం వాడి కాళ్లకు నలుపు తెలుపు నూలు పేనిన తాడు కట్టి, దాన్ని కత్తిరిస్తాం. కత్తిరించినవాళ్ల నడకే పిల్లవాడికి వస్తుందని నమ్మకం. అందుకే ఊరంతా గాలించి చురుకైన మనిషి చేతికే కత్తెర ఇస్తాం. ఈ మధ్య రోడ్లకూ భవనాలకూ చేసే రిబ్బన్ కత్తిరింపును కూడా తాడు కోసే వేడుక అనే పిలుస్తున్నారు. మా గొట్టానికి ఈ వేడుక మూడుసార్లు జరిగింది. మొదటిసారి కత్తెర పట్టినాయన మూడు గంటలు ఆలస్యంగా వచ్చాడు. రెండో ఆయన వేదిక మీదే కునుకు తీశాడు. మూడో ఆయనకు కీళ్లనొప్పులు, ఇద్దరు రెక్కలు పట్టుకుని నడిపించుకొచ్చారు.

పోయిన వారం టీ తాగుతూ బల్జాన్ అవ్వకు ఈ సంగతి తట్టింది. ఆమెకు ఎనభై ఆరేళ్లు. గిన్నె కింద పెట్టేసి, "గొట్టంలో ఏ తప్పూ లేదే!" అంది. "గ్యాస్‌కి వాళ్ల నడకొచ్చింది. అందుకే ఆలస్యంగా బయల్దేరి, దారిలో నిద్రపోయి, ఇప్పుడు కుంటుకుంటూ వస్తోంది."

ఈ వాదనలో లోపం నాకైతే కనబడలేదు. ఇంతవరకూ అధికారులు చెప్పిన కారణాలన్నిటి కన్నా ఇదే సబబుగా ఉంది.

మొన్న ఆదివారం నాలుగో వేడుక. వేదిక మీద తివాచీ పరిచారు. వెలిగించాల్సిన కాగడా ఉంది, కాగడాకు గ్యాస్ ఇచ్చే సిలిండరు వేదిక వెనక దుప్పటి కింద ఉంది. మూడుసార్లు ఫోటోలో వెలిగిన నీలి మంట ఆ సిలిండరుదే. బెర్దిగాలి అద్దంలా మెరిసే బూట్లు వేసుకుని కత్తెర అందుకున్నాడు. బల్జాన్ అవ్వ కర్ర పొడుచుకుంటూ వేదిక ఎక్కింది.

"ఒరే, ఆ కత్తెర ఇటియ్యి. నీ నడక మాకు తెలుసు. ఎన్నికలకోసారి వస్తావు. అది మా గ్యాస్‌కి వద్దు."

"మరి ఎవరికియ్యమంటావ్ అవ్వా?"

"అక్కుమిస్‌కియ్యి. పాలు పొంగుతున్నాయంటే పెరటి చివర్నించి పొయ్యి కాడికి దాని కన్నా ముందు చేరినోళ్లు ఈ ఊళ్లో పుట్టలేదు."

బెర్దిగాలి వెంట వచ్చిన కెమెరా కుర్రవాడు తల ఊపాడు. పల్లెటూరి ఇల్లాలు, తలకు తెల్ల రుమాలు, చేతిలో కత్తెర. ఓట్లకు మంచి బొమ్మ. బెర్దిగాలి నవ్వుతూ ఇచ్చేశాడు. మా వదిన రిబ్బన్ కత్తిరించింది. చప్పట్లు కొట్టాం. అంతటితో అయిపోవాలి.

ఆమె కదల్లేదు. "మరి పిల్లాడేడీ?" అంది.

"ఏ పిల్లాడమ్మా?" అన్నాడు బెర్దిగాలి.

"కత్తిరించాక చెయ్యి పట్టుకుని నడిపించాలి కదా. నడిపించకపోతే తాడు కోసి ఏం లాభం?"

"పిల్లాడంటే ఇక్కడ గొట్టమే కదమ్మా!" అని ఆయన జనం వైపు తిరిగి నవ్వాడు. జనం కూడా నవ్వారు.

"అయితే గొట్టాన్నే నడిపిస్తా," అని మా వదిన వేదిక దిగి, గొట్టం మీద అరచెయ్యి ఆనించి నడవడం మొదలుపెట్టింది.

పదకొండేళ్లుగా ఆ గొట్టం కింద నుంచి తిరుగుతున్నాం. దాని వెంట చివరిదాకా వెళ్లి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. వస్తుంది వస్తుందని ఇంటివైపు కొసనే చూస్తూ కూర్చున్నాం. అది ఎక్కణ్నుంచి రావాలో ఆ కొస ఎవరూ చూడలేదు. మా తెలివి అంత!

ముందు ముసలమ్మలు కదిలారు, వెనక ఊరు కదిలింది, కెమెరా కదిలింది కాబట్టి బెర్దిగాలి కూడా కదిలాడు. ఊరు దాటాం. గొట్టం ఉప్పు నేలలోకి పోయింది. ఆయన మెరిసే బూట్లు చీలమండల దాకా దిగబడి, తెల్లటి ఉప్పుబురద అంటుకుని వచ్చాయి. మా వదిన మూడుచోట్ల ఆగి, స్తంభం పట్టుకుని వంగి దగ్గింది. మూడోసారి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు భయం వేసింది.

"వదినా, ఇక చాల్లే, వెనక్కి పోదాం."

మా ఇంటి కోడళ్లు మెట్టినింటి మగవాళ్లను పేరు పెట్టి పిలవరు, ఏదో ఒక ముద్దుపేరు పెట్టుకుంటారు. నాకు ఆమె పెట్టిన పేరు పెన్నుబాబు.

"పెన్నుబాబూ, రాసేటప్పుడు ఇంత దూరం వచ్చావా నువ్వు?"

"రాలేదు."

"అయితే ఇప్పుడు రా."

ఇన్నేళ్ల నా వృత్తిలో నన్ను ఇంతగా సిగ్గుపరిచిన మాట మరొకరు అనలేదు. ఆమె వెనకే నడిచాను.

ఊరికి మూడు కిలోమీటర్ల అవతల ఒక దిబ్బ ఉంది. దిబ్బ దాటాక గొట్టం నేల మీదికి దిగింది, దిగి ఆగిపోయింది. దేనికీ అతకలేదు. తెరిచి ఉన్న మూతికి ఎవరో ఖాళీ టమాటా డబ్బా బోర్లించి, తీగతో కట్టారు, వాన నీళ్లు పోకుండా. బాధ్యత గల మనిషి ఎవరో!

అక్కడినుంచి ఏడు వందల అంగల దూరంలో పెద్ద గ్యాస్ లైను గుర్తురాళ్లు వరసగా కనిపిస్తున్నాయి. ఆ లైను మా నేలలో పుట్టి, మా కళ్ల ముందు నుంచే ఎక్కడికో పోయి, మేం ఎరుగని వాళ్ల టీ కెటిల్ కింద వెలుగుతుంది. వాళ్ల మీద నాకు కోపం లేదు, టీ వేడిగా తాగితేనే బాగుంటుంది.

అందరూ బెర్దిగాలి వైపు చూశారు. ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఇది... మొదటి దశ. ఈ ఏడు వందల అంగలూ నా వచ్చే పదవీకాలంలో పూర్తి చేస్తానని హామీ ఇస్తున్నాను!"

"శుభవార్తేగా?" అంది బల్జాన్ అవ్వ. "బహుమానంగా ఈ డబ్బా తీసుకుపో."

ఆయన ఆ మాట వినిపించుకోకుండా నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు. "తమ్ముడూ, 'గ్యాస్‌కు ఇక ఏడు వందల అంగలే' అని పెట్టు హెడ్డింగు. పాజిటివ్‌గా ఉంటుంది."

మా వదిన నేల మీద కూలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఈలలా వస్తోంది. చెయ్యి ఊపి నన్ను పిలిచింది. "నాకు హెడ్డింగు అక్కర్లేదు పెన్నుబాబూ. ఒక్క లైను చాలు. శుక్రవారంలోపల."

మర్నాడు పొద్దున్నే వెళ్లి మా సంపాదకుడి ముందు నిలబడ్డాను. సవరణ వేద్దామన్నాను. ఆయన నాకేసి జాలిగా చూశాడు.

"ఈ పత్రిక పెట్టి యాభై రెండేళ్లయింది. ఒక్క సవరణ వెయ్యలేదు. అంటే ఒక్క తప్పు కూడా లేదన్నమాట. ఎన్నికల వారంలో నువ్వొచ్చి ఆ రికార్డు చెడగొడతావా?"

"మా వదిన..."

"మీ వదినకి నా నమస్కారాలు చెప్పు. ఇదిగో, ఆ గొట్టాన్ని పొగుడుతూ ఏదన్నా రాసుకో. ఎంత పొడుగైనా వేస్తా."

నేను విధేయుణ్ని. రాశాను. మీరు చదువుతున్నది అదే. ఆయన మొదటి వాక్యం చదివి, "ఘంటాపథంగా అన్నావు చూడు, అదీ రాయడమంటే!" అని సంతకం పెట్టి టీకి వెళ్లిపోయాడు. పొగడ్త వ్యాసాలు ఆయన ఎప్పుడూ చివరిదాకా చదవడు. బెర్దిగాలి కూడా చదవడు, తన ఫోటో ఉందో లేదో చూసుకుంటాడు. ఎంత పొగిడితే అంత ఖాళీ దొరుకుతుందని నాకు ఇన్నేళ్లకు అర్థమైంది. కనుక ఆయన సంతకం పెట్టి వెళ్లాక కూడా ఈ అడుగున, అచ్చులో, ఒక చిన్న ముక్కకు చోటు మిగిలింది.

సవరణ: "తాస్‌కుదుక్‌లో నీలి మంట" అనే వార్త ఈ పత్రికలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అబద్ధమే. తాస్‌కుదుక్‌లో ఏ ఇంటికీ ఈ రోజు వరకు గ్యాస్ రాలేదు. ఆ గొట్టం దేనికీ అతకలేదు. వెళ్లి చూడకుండా వార్త రాసినవాడు ఒతెప్‌బెర్గెన్, అంటే నేను.

వదినా, ఈ ముక్క కత్తిరించుకుని రేపు పొద్దున్న మొదటి బస్సుకే వెళ్లు. జాబితా మూసేది రేపే.